గాజుపెట్టెలో తూటా

మా కోల్టర్ బెండ్ ఊరి రైఫిల్ సంఘం సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఏమనగా: ఊరికి ఎలుగుబంటి వల్ల ముప్పు పొంచి ఉన్నందున ప్రతి గృహస్థుడూ బొటనవేలంత లావు తూటా పేల్చే మీట తుపాకీ ఒకటి కలిగి ఉండవలెను, ఆ తూటాలు కొట్లో కొన్నవి కాక స్వహస్తాలతో నింపుకున్నవై ఉండవలెను, ఈ విషయంలో భార్యల సలహాలు స్వీకరించబడవు.

ఎలుగుబంటికి మాత్రం నోటీసు ఇవ్వలేదు.

ముప్పు లేదని నేననను. అసలు నేను రొట్టెలు కాల్చే మిషను ప్లగ్గు తీశానో లేదో అని చర్చికి సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని. అయినా ఆ ఎలుగు ఇంతవరకు చేసిన ఘోరమేమిటో కూడా చెప్పాలి. చర్చి వెనక చెత్తడబ్బా తెరిచి, ఎవరిదో అంత్యక్రియల భోజనంలో మిగిలిపోయిన బంగాళాదుంపల వంటకం తిని, డబ్బాను పక్కకు దొర్లించి వెళ్ళిపోయింది. ఆ వంటకం నేను చేసిందే. అన్నాళ్ళు బయట పడి ఉందే, పాపం దానికి కడుపునొప్పి వచ్చి ఉంటుందేమోనని బెంగతో నాకు నిద్ర పట్టలేదు.

చెత్తడబ్బాలకు గట్టి గొళ్ళేలు పెట్టిస్తే సరిపోతుంది కదా అని మా పక్కింటి మార్నీ సమావేశంలో లేచి అడిగింది. సంఘం అధ్యక్షులు హోల్ట్ బ్రాక్వే గారు ఆమె వంక జాలిగా చూశారు. "మార్నీ, గొళ్ళెం పెట్టుకుని బతికే జాతి కాదమ్మా మనది" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆయన ఇంటి తలుపుకి మూడు గొళ్ళేలు ఉన్నాయి.

మా ఆయన ఆర్విన్ కూడా ఊరి క్షేమం కోరి ఒక తుపాకీ కొన్నాడు. చూడ్డానికి ముచ్చటైన వస్తువే. నున్నటి వాల్‌నట్ కర్ర, నీలం తేలిన ఉక్కు. కింద ఉన్న మీట లాగి మళ్ళీ మూస్తే చకచక్‌మంటుంది. ఆ చప్పుడు వింటే పెళ్ళిలో కన్నీరు పెట్టని మగవాళ్ళకు కూడా కళ్ళు చెమరుస్తాయి. పేలిస్తే మాత్రం గుండు ముందుకు పోయే జోరుకి తగ్గట్టు తుపాకీ వెనక్కి వచ్చి భుజాన్ని తంతుంది. కంచరగాడిద తన్నితే కనీసం దాని మొహాన చెప్పు విసరొచ్చు. మా ఊరి మర్యాద ప్రకారం ఈ తన్ను తిన్నవాడు నెమ్మదిగా తుపాకీ దించి, పక్కవాడివైపు తిరిగి, "చక్కిలిగింత పెట్టినట్టుందిరా" అనాలి. కళ్ళలో నీళ్ళు తిరిగితే గాలికని చెప్పాలి. మందులషాపు వెండా చెప్పింది, సోమవారం వచ్చిందంటే నొప్పుల తైలం సీసాలు మధ్యాహ్నానికే ఖాళీ అవుతాయట. కొనేవాళ్ళంతా నిచ్చెన మీంచి పడ్డవాళ్ళేనట. మా ఊళ్ళో అన్ని నిచ్చెనలు లేవు.

ఇక తూటాలు నింపే కళ. సంఘం దృష్టిలో కొట్లో తూటాలు కొనుక్కునేవాడికీ, పాలసీసా పట్టుకున్న పసివాడికీ తేడా లేదు. అందుచేత మా బట్టలుతికే గదిలో, వేడిగాలితో బట్టలు ఆరబెట్టే డ్రయర్ పక్కన, ఆర్విన్ బల్ల ఒకటి వెలసింది. పేలిన ఇత్తడి గొట్టాలు ఏరుకొస్తాడు, తోముతాడు, అడుగున దెబ్బ తగిలితే నిప్పు రాజేసే బిళ్ళ మారుస్తాడు, లోపల తుపాకీ మందు పోస్తాడు, పైన సీసపు గుండు పెట్టి నొక్కుతాడు. పెళ్ళయిన నాటి నుంచి కాఫీ కప్పు ఒక్కటీ కడగని మనిషి ఈ గొట్టాల లోపలా బయటా బ్రష్షుతో రుద్ది, దీపం దగ్గర పెట్టి మెరుపు చూసుకుంటాడు. మొదట్లో మందు డబ్బాని వేణ్ణీళ్ళ బాయిలర్ మీద పెట్టాడు. నేను పెట్టిన కేకకి మార్నీ పరుగెత్తుకొచ్చింది. "నువ్వు మరీనూ, అదేమంత వేడెక్కదే" అంటూ దించాడు. దించి డ్రయర్ మీద పెట్టాడు.

ఇప్పుడు ఒక రహస్యం చెబుతాను, ఎవరితోనూ అనకండి. కిందటేడు నుంచి ఆర్విన్ కుడిభుజం పైకి లేవడం లేదు. చొక్కా నేనే తొడుగుతున్నాను. అందుకని ఆయన మోతాదు తగ్గించాడు. వేగంగా మండే రకం మందు తెచ్చి, నిండా పోయాల్సిన చోట చిటికెడు పోస్తున్నాడు. అంత పొడుగు గొట్టంలో ఆ చిటికెడు ఎండిపోయిన బావిలో అడుగు నీళ్ళలా ఉంటుంది. పేలిస్తే తుపాకీ భుజం తట్టి పలకరించినట్టుంటుంది. డబ్బాల మీద మాత్రం 'ఎలుగు మోతాదు' అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టాడు.

ఇందులో ఒక చిక్కు ఉంది. గొట్టం నిండే మోతాదైతే పొరపాటున రెండోసారి పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. చిటికెడు మందు రెండుసార్లు పడితే గొట్టం ఇంకా ఖాళీగానే కనిపిస్తుంది. అలాంటిది పేలితే ఎలుగుకి ఏమీ కాదు. తుపాకీయే మొహం ముందు విచ్చుకుంటుంది. అందుకని గుండు పెట్టేముందు ప్రతి గొట్టంలోకీ టార్చిలైటు వేసి తొంగిచూడాలి. ఆర్విన్ చూస్తాడు. ఆ మాటకొస్తే టార్చి పట్టుకునేది నేనే.

ఈ ఏడు ఎలుగు దినోత్సవంలో తొలి గుండు పేల్చే గౌరవం మా అమ్మాయి టారిన్‌కి దక్కింది. వేటకాలం మొదలయ్యే ముందు రేకుతో చేసిన ఎలుగుబొమ్మను ఊరంతా చూస్తుండగా పేల్చి పడగొట్టడం మా ఆచారం. తండ్రి తుపాకీతో, తండ్రి నింపిన తూటాలతో పేల్చాలన్నది నియమం. టారిన్ పళ్ళడాక్టరు దగ్గర పని నేర్చుకుంటోంది. నోట్లో సూదంత పరికరం పెట్టి పళ్ళు శుభ్రం చేసే పని. దానికి చేతివేళ్ళే ఆస్తి, కళ్ళే చదువు. ఇంతకంటే తగిన మనిషిని సంఘం మాత్రం ఎక్కడ వెతుకుతుంది?

ఆ తూటాలు నింపుతున్న సాయంత్రం హోల్ట్ గారు దినోత్సవంలో తాము చేయబోయే ఉపన్యాసం ముందుగా వినిపించడానికి మా బట్టలుతికే గదికి దయచేశారు. నేను తువ్వాళ్ళు మడతపెడుతున్నాను. ఆర్విన్ ముందు చెక్కదిమ్మెలో గొట్టాలు వరసగా నిలబడి ఉన్నాయి, సగం వాటిలో మందు పడింది, ఆయన చెయ్యి మందు పోసే పరికరం పిడిమీద ఉంది. పిడి ఒకసారి దించితే ఒక చిటికెడు. హోల్ట్ గారు గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా! ఈ కొండలను మన తాతలు దద్దరిల్లజేశారు. వాళ్ళు భయమెరుగరు. వాళ్ళకు వాళ్ళ చేతిమీద నమ్మకం. నేడు ప్రపంచమంతా అనుమానంతో కుళ్ళిపోతోంది. అనుమానమే అసలు ఎలుగుబంటి!"

ఆర్విన్ అటెన్షన్లో నిలబడ్డాడు. ఉపన్యాసం తాతల దగ్గర మొదలై జెండా మీదుగా మళ్ళీ తాతల దగ్గరికొచ్చి ఆగింది. ఆర్విన్ మళ్ళీ పిడి దించడం మొదలెట్టాడు. ఎక్కడ ఆపాడో అక్కడే మొదలెట్టాడా, ఒక గొట్టం వెనక మొదలెట్టాడా? నేను టార్చి అందించాను. ఆయన టార్చి చూశాడు, నన్ను చూశాడు, హోల్ట్ గారిని చూశాడు. టార్చి వేస్తే హోల్ట్ గారు కూడా తొంగిచూస్తారు. చూస్తే చిటికెడు కనిపిస్తుంది. ఆర్విన్ టార్చి పక్కన పెట్టేసి, గుండ్లు పెట్టి వరసగా నొక్కేశాడు.

"అదీ చెయ్యంటే!" అన్నారు హోల్ట్ గారు. "లైటు అక్కర్లేదు."

ఆయన బండి వీధి మలుపు తిరిగిందో లేదో నేను మొదలెట్టాను.

"ఆర్విన్, అవన్నీ విప్పేయ్."

"ఏవి?"

"తెలీనట్టు మాట్లాడకు. ఆ మనిషి ఉపన్యాసం దంచుతున్నంతసేపూ నీ చెయ్యి పిడిమీదే ఉంది. ఎక్కడ ఆపావో నీకు తెలుసా?"

"నా చేతికి తెలుసు."

"నీ చేతికి నీ చొక్కా గుండీ ఎక్కడుందో తెలీదు."

"ఐరిస్, నువ్వు కిందటి వారం బాత్రూం అద్దం ఊడిపడుతుందన్నావు. పడిందా?"

"పడలేదు. ఎందుకంటే నేను మేకు కొట్టాను."

తూటా విప్పడానికి ఒక సుత్తి ఉంది. ప్లాస్టిక్‌ది, దాని తలలో తూటా బిగించి గట్టినేల మీద నాలుగు దెబ్బలు కొడితే గుండూ మందూ విడివిడిగా ఊడివస్తాయి. మా ఊళ్ళో అది లేని ఇల్లు లేదు. ఒక్క ఇల్లు తప్ప ఆ సుత్తి డబ్బా సీలు విప్పిన ఇల్లూ లేదు. తాను నింపిన తూటా తానే విప్పుకోవడమంటే, నన్ను నేను నమ్మలేదహో అని ఊరంతా దండోరా వేసుకోవడమే. ఆ టకటక చప్పుడు నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. చాలా ఏళ్ళ కిందట ఎల్లిస్ అనే ఆయనకు ఇలాగే అనుమానం వచ్చి డబ్బాడు తూటాలూ విప్పుకున్నాడు. ఆనాటి నుంచి ఆయన విప్పుళ్ళ ఎల్లిస్. ఆయన కొడుకులు విప్పుళ్ళవారి అబ్బాయిలు. ఆయన కుక్కని కూడా ఎవరూ వేటకి అడగరు.

అదే ఏడు డెల్బర్ట్ గారికీ అలాంటి అనుమానమే వచ్చింది. ఆయన పౌరుషవంతులు గనుక విప్పలేదు, పేల్చారు. నేడు ఒంటికన్నుతో, ఎడమచేతికి మూడు వేళ్ళతో మా సంఘం భద్రతా కమిటీకి జీవితకాల అధ్యక్షులుగా విరాజిల్లుతున్నారు. కొత్త సభ్యులకు భద్రతా నియమాలు ఆయనే స్వయంగా ఎడమచేతి వేళ్ళమీద లెక్కపెట్టి బోధిస్తారు. అందుకే మా నియమాలు మూడే.

నేను ఆ తూటాలను వంటింటి తక్కెడలో తూచి చూస్తానన్నాను. ఆర్విన్ నవ్వాడు. ఏ రెండు గొట్టాలూ ఒకే బరువు ఉండవట, ఏ రెండు సీసపు గుండ్లూ ఒకటిగా ఉండవట, వాటి తేడాలో చిటికెడు మందు ఎక్కడ కలిసిపోయిందో నా తక్కెడ కాదు కదా, దాని తాత కూడా చెప్పలేదట. ఇంత తెలిసిన మనిషి. ఇంతా చెప్పి డబ్బాను బీరువాలో పెట్టి తాళంచెవి మెడలో వేసుకున్నాడు.

టారిన్‌కి ఫోన్ చేశాను.

"అమ్మా, నువ్వు మైక్రోవేవ్‌కి కూడా భయపడతావు."

"మైక్రోవేవ్‌ని ఎవరూ చెంపకి ఆనించి పేల్చమనడం లేదు కదే."

"నాన్న నాకోసం కూర్చుని చేశాడమ్మా. ఇప్పుడు నేను వద్దంటే ఆ మనిషి ఊళ్ళో తలెత్తుకోగలడా?"

"నీ తల సంగతేమిటే?"

"ఉంటానమ్మా, పేషెంటు వచ్చింది."

నన్ను ఎవరూ నమ్మకపోవడంలో వింత లేదు. రోజూ భయపడేవాళ్ళతో చిక్కే అది. మా భయం నిజమైన రోజున కూడా మొహం అదే ఉంటుంది.

దినోత్సవం నాడు ఎండ బ్రహ్మాండంగా కాసింది. సంఘం ఆవరణలో ఒకవైపు బల్లలనిండా తిండి: దుప్పి మాంసంతో కారంగా వండిన చిల్లీ, మొక్కజొన్న రొట్టె, హకల్‌బెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి పైలు, నా బంగాళాదుంపల వంటకం. ఇంకోవైపు రేకు ఎలుగు రెండు కాళ్ళమీద నిలబడి నవ్వుతోంది. ప్రతి మగవాడి భుజాన తుపాకీ, చేతిలో సొంత తూటాల డబ్బా. హోల్ట్ గారు అనుమానమే అసలు ఎలుగుబంటి అన్నచోట చప్పట్లు ఆగలేదు. తర్వాత ఆచారం ప్రకారం టారిన్ పేల్చబోయే తూటాల డబ్బాను బల్లమీద పెట్టి పాస్టరుగారిని ప్రార్థన చేయమన్నారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు. దేవుడికి ఆ వేళ ఒకరైనా కళ్ళు తెరిచి ఉండటం అవసరమనిపించి ఉంటుంది.

డబ్బా తీసుకున్నాను. వంటకం తెచ్చిన సంచిలోంచి సుత్తి తీశాను. సుత్తి డబ్బా సీలు పళ్ళతో ఊడబీకి, సంఘం భవనం సిమెంటు మెట్టు మీద కూర్చుని మొదటి తూటా బిగించి కొట్టాను.

టక్. టక్. టక్.

పాస్టరుగారు 'మమ్మును కాపాడుము' దగ్గర ఆగిపోయారు. ఆ చప్పుడు తెలియనివాళ్ళు ఆ ఆవరణలో లేరు. ఒక్కసారిగా తలలన్నీ లేచాయి.

"ఐరిస్!" అని అరిచాడు ఆర్విన్. "ఆపవే! పరువు తీశావు కదే!"

"ప్రార్థన కానివ్వండి, నాకు అడ్డమేమీ లేదు" అని కాగితపు ప్లేటులో మందు వంచాను. చిటికెడు. ఇంకో తూటా, ఇంకో ప్లేటు. చిటికెడు. జనం చుట్టూ మూగారు. తుపాకీ మీట తెరిచి పట్టుకుని టారిన్ కూడా వచ్చింది. సిగ్గుతో దాని చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా, చాలు, లే" అంటోంది. ఇంకోటి కొట్టాను. చిటికెడు. ఏమీ లేకపోతే ఈ ఊళ్ళో నేను చచ్చేదాకా విప్పుళ్ళ ఐరిస్‌నే కదా అనుకుంటూ తర్వాతది కొట్టి వంచాను.

కుప్ప పక్కదానికి రెండింతలుంది.

టారిన్ వంగి రెండు ప్లేట్లూ దగ్గర పెట్టి చూసింది. ఆవగింజంత తేడా పట్టడం దాని వృత్తి. నిటారుగా లేచి తుపాకీని బల్లమీద పెట్టేసింది. తన కుడిచేతిని, ఎవరో తెలియని మనిషి చేతిలా, తిప్పి తిప్పి చూసుకుంది.

"నాన్నా" అంది. అంతే అంది.

ఆర్విన్ నా పక్కన మెట్టుమీద కూలబడ్డాడు.

హోల్ట్ గారు ముందుకొచ్చి ప్లేట్లు పరిశీలించారు. ఆయన మొహం నల్లబడింది. వేలు పెట్టి చూపించారు. పెద్ద కుప్పని కాదు, చిన్నవాటిని.

"ఆర్విన్, ఏమిటిది?"

"అదీ... భుజం..."

"ఎలుగు మోతాదని రాశావు! దీనికి ఎలుగు తుమ్మను కూడా తుమ్మదు!"

"మా పిల్లి ఇంతకంటే గట్టిగా దగ్గుతుంది" అన్నారు భద్రతా కమిటీ అధ్యక్షులు డెల్బర్ట్ గారు, ఒంటికన్ను చిట్లించి. అందరూ పగలబడి నవ్వారు. మా పిల్ల చెయ్యి ఎగిరిపోయి ఉండేదన్న సంగతి అజెండాలో లేదు గనుక దానిపై చర్చ జరగలేదు. ఊరిని మోసగించి చిన్న మోతాదు నింపిన నేరానికి ఆర్విన్‌పై అక్కడికక్కడే విచారణ మొదలైంది.

అప్పుడు వెనకనుంచి విప్పుళ్ళ ఎల్లిస్ గొంతు వినబడింది. "హోల్టూ, సుత్తి ఎలాగూ బయటికొచ్చింది. మిగతా డబ్బాలు కూడా విప్పి చూస్తే పోలేదూ? నీదానితోనే మొదలెడదాం."

నవ్వు ఆగిపోయింది. ప్రతి చెయ్యీ తన డబ్బా మూతమీద పడింది. కొందరు డబ్బాలను కోటు లోపలికి తోసుకున్నారు. ఒకాయన తన డబ్బా మీద కూర్చున్నాడు.

అప్పుడే మార్నీ అంది, "అయ్యా, ఎలుగు వచ్చింది."

నిజంగానే వచ్చింది. తిండి బల్లల దగ్గర నిలబడి హకల్‌బెర్రీ పైలు ఒకదాని తర్వాత ఒకటి తింటోంది. అంతమంది మగవాళ్ళు, అన్ని తుపాకులు, అన్ని ఎలుగు మోతాదులు. ఒక్కరూ పేల్చలేదు. పేలిస్తే చప్పుడునిబట్టి లోపల ఎంత మందుందో ఊరందరికీ తెలిసిపోతుంది. "వేటకాలం రేపటి నుంచి కదా, చట్టాన్ని గౌరవించాలి" అన్నారు హోల్ట్ గారు నెమ్మదిగా. అందరూ చట్టాన్ని గౌరవిస్తూ నిలబడ్డారు. ఎలుగు పైలన్నీ ముగించి, నా బంగాళాదుంపల వంటకాన్ని వాసన చూసి, గుర్తుపట్టి, ముట్టకుండా వెళ్ళిపోయింది.

తదుపరి ఆమోదించిన తీర్మానాలు రెండు. ఒకటి: సంఘం ఆవరణలో సుత్తి నిషేధం. రెండు: ఆనాడు బయటపడినవాటిలో ఎలుగు మోతాదుకు తగిన ధైర్యం కనబరచింది ఆ రెండింతల తూటా ఒక్కటే గనుక, దానిని తిరిగి యథాప్రకారం నింపి, గాజుపెట్టెలో పెట్టి, సంఘం హాల్లో అధ్యక్షుని కుర్చీ వెనక గోడకు అమర్చవలెను. నింపే పనిని డెల్బర్ట్ గారు తన మిగిలిన వేళ్ళతో నిర్వహించారు.

ఆ మరుసటి సోమవారం మా బట్టలుతికే గది వెనక తలుపు ఎవరో తట్టారు. చూస్తే ఆనాడు డబ్బామీద కూర్చున్నాయన. చంకలో తువ్వాలు చుట్టిన డబ్బా. "ఐరిస్, మా ఆవిడ పంపింది... నీ దగ్గర ఆ సుత్తి..." అని నసిగాడు. చప్పుడు బయటికి వినబడకుండా ఆర్విన్ బూట్లు డ్రయర్లో వేసి తిప్పాను. అవి దడదడమంటుంటే ఆ చాటున తూటాలు విప్పాను. చిటికెడు, చిటికెడు, చిటికెడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. అందరినీ భార్యలే పంపారు, పెళ్ళికాని వాళ్ళతో సహా. వచ్చేవాళ్ళు బూట్లు కూడా వెంట తెచ్చుకుంటున్నారు. మా ఊరి మగవాళ్ళ బూట్లు ఈమధ్య ఎంత శుభ్రంగా ఉంటున్నాయో అని పాస్టరుగారు మొన్న ప్రసంగంలో మెచ్చుకున్నారు. ఆర్విన్ ఇప్పుడు టార్చి తనే పట్టుకుంటున్నాడు.

చివరికి హోల్ట్ గారూ వచ్చారు. ఆయన తూటాలో చిటికెడు కూడా లేదు. ఊపితే ఖాళీ తెలియకుండా పైన దూది కూరి ఉంది. నేను దూది తీసి పక్కన పెట్టాను. ఆయన గొట్టాలు తువ్వాల్లో మూటకట్టుకుంటూ ఉంటే, ధైర్యం చేసి అడిగాను.

"హోల్ట్ గారూ, ఆ గాజుపెట్టెలోది కూడా పట్టుకురండి. అదొక్కటీ విప్పేస్తే నాకు నిద్రపడుతుంది."

ఆయన నిర్ఘాంతపోయారు. "అదెలాగమ్మా? అది మన ఊరి పరువు!"

నిజమే. అందుకే సంఘం సమావేశాలకు వెళ్ళినప్పుడు నేను తలుపు దగ్గర, ఆఖరి కుర్చీలో కూర్చుంటాను. పిరికిదని నవ్వుతారు, నవ్వనీండి. మీ ఊళ్ళో ఎలుగులు లేకపోవచ్చు, మా మగవాళ్ళ సంగతి విని మీరూ హాయిగా నవ్వుకుంటూ ఉండొచ్చు. కానీ గాజుపెట్టె లేని ఊరు ఉంటుందా? మీ కుర్చీ దానికెంత దూరంలో ఉందో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి.